తెప్ప మీద గాలం

గుంటూరు సీమ అనగానే మిరప కల్లాలూ పత్తి చేలూ గుర్తొస్తాయి. అమరావతి గురించి రాసేవాళ్లు కృష్ణ ఒడ్డునే ఆగిపోతారు. కానీ ఆ కృష్ణ చివరకు కలిసేది సముద్రంలోనే కదా. ఈ నల్లరేగడి సీమకు తూర్పున పొడవాటి ఇసుక తీరం ఉంది. లంకెవానిదిబ్బ, నిజాంపట్నం, సూర్యలంక, ఓడరేవు, మోటుపల్లి, పెదగంజాం, ఇంకా దక్షిణాన కొత్తపట్నం. ఒకప్పుడు ఇదంతా గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చి కొంత భాగం అటు పోయింది, 2022లో బాపట్ల జిల్లా ఏర్పడి ఎక్కువ రేవులు దానిలోకి చేరాయి. జిల్లాల పేర్లు మారినా ఆ తీరంలో తరతరాలుగా నడిచిన పని ఒకటుంది. నాలుగైదు దుంగలు కట్టిన తెప్ప మీద సముద్రంలోకి వెళ్లి, చేతిలో ఒక్క తాడు, దాని చివర గాలంతో చేప పట్టడం.

వల గురించి అంతో ఇంతో రాశారు. గాలం గురించి రాసింది తక్కువ. వల ఊరందరి పని, దానికి పెట్టుబడి ఉంది, వాటాలున్నాయి, తగాదాలున్నాయి, అందువల్ల కచేరీ కాగితాల్లోకి ఎక్కింది. గాలం ఒక మనిషి చేతిలో పని. దాని ఖర్చెంతో, లాభమెంతో లెక్క రాసుకున్నవాడు లేడు.

బయటి దేశాల్లో గాలం వేసేవాళ్లు తాడు చుట్టడానికి రీలు అనే చక్రం వాడతారు. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా తీరాల్లో పాత సెంటర్‌పిన్ రీళ్ల మీద మక్కువ ఇంకా పోలేదు. తాతల కాలం నాటి చెక్క రీళ్లు, ఇత్తడి రీళ్లు వెతికి కొని, నూనె పెట్టి, వాటితోనే చేపలు పట్టేవాళ్లున్నారు. కయాక్ అనే చిన్న ప్లాస్టిక్ పడవ మీద సముద్రంలోకి వెళ్లి ఆ రీలుతో గాలం దించడం అందులో ఒక ముచ్చట. దాన్ని చూసిన తెలుగువాడికి మన తెప్ప గుర్తుకు రాకపోతేనే ఆశ్చర్యం. నీటికి జానెడు ఎత్తున కూర్చున్న మనిషి, కిందికి నిలువుగా దిగిన తాడు, చేపకూ చేతికీ నడుమ పళ్లచక్రాల యంత్రమంటూ లేకపోవడం. రెండు చోట్లా పని ఒక్కటే. అక్కడ అది సరదాగా మిగిలింది, ఇక్కడ అది పొట్టకూటి విద్య.

సెంటర్‌పిన్ రీలు చాలా సరళమైన వస్తువు. నడుమ ఒక ఇరుసు, దాని మీద తిరిగే డ్రమ్ము, డ్రమ్ముకు పిడి. పిడిని ఒక చుట్టు తిప్పితే డ్రమ్ము కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది. లోపల పళ్లచక్రాలు ఉండవు. చేప లాగితే డ్రమ్ము వెనక్కి తిరుగుతూ తాడు వదులుతుంది. దాన్ని అదుపు చేసేది డ్రమ్ము అంచు మీద ఆన్చిన బొటనవేలు, లేదా అరచెయ్యి. పెద్ద చేప ఉరికినప్పుడు పిడి గిర్రున తిరిగి వేళ్ల కణుపులు పగలగొట్టేది. అయినా ఆ రీలు పట్టినవాళ్లు దాన్ని వదల్లేదు. తాడు చివర ఏం జరుగుతోందో చేతికి నేరుగా తెలియడమే దానికి కారణం.

రీలు బొమ్మల్లో ఇప్పటికి తెలిసిన తొలి బొమ్మ చైనాది. చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతంలో గీసిన ఆ పటంలో చలికాలపు సరస్సు మీద చిన్న పడవ, అందులో ఒంటరిగా కూర్చున్న జాలరి, అతని కర్రకు చక్రం. అంటే రీలు మొదటిసారి మన కంటపడేదే చిన్న పడవలో. ఇంగ్లండులో 1651 నాటి థామస్ బార్కర్ పుస్తకంలో దాని ప్రస్తావన ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో లేసు అల్లికకు పేరుపడ్డ నాటింగ్‌హామ్ పట్నంలో, ట్రెంట్ నది ఒడ్డున, తేలిగ్గా తిరిగే చెక్క రీలు రూపు దిద్దుకుంది. యార్క్‌షైర్ తీరంలోని స్కార్‌బరో పేరుతో సముద్రపు పనికి పెద్ద చెక్క రీళ్లు వచ్చాయి. 1890లలో రెడిచ్‌లోని ఆల్‌కాక్ కంపెనీ ఏరియల్ రీలు తెచ్చింది. 1920లో బ్రిస్బేన్‌లో చార్లెస్ ఆల్వీ మొదలుపెట్టిన రీళ్లు ఆస్ట్రేలియా ఇసుక తీరాల్లో ఇంటింటి వస్తువయ్యాయి. 1905లో ఇల్లింగ్‌వర్త్ అనే వస్త్ర వ్యాపారి కదలని స్పూలుతో కొత్త రకం రీలుకు పేటెంటు తీసుకున్నాడు. దూరం విసరడం దానితో సులువు. అది చవకయ్యేకొద్దీ సెంటర్‌పిన్ వెనకబడింది.

కయాక్ మీద మాత్రం దూరం విసరాల్సిన అవసరం లేదు. చేప ఉన్న చోటికే కయాక్ పోతుంది. డ్రమ్ము అంచు మీంచి వేలు తీస్తే చాలు, సీసపు బరువుకు తాడు దానంతటదే దిగుతుంది. ఉప్పునీటికి బిగుసుకుపోయే పళ్లచక్రాలు ఈ రీలు లోపల లేవు. ఒడ్డుకొచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెడితే సరి. అలా పాత రీలుకు కొత్త చోటు దొరికింది.

కయాక్ పుట్టింది మంచు సముద్రాల్లో. గ్రీన్‌లాండ్ ఇన్యూట్ వేటగాళ్లు తోలు కయాక్ మీద, కూర్చున్న చోటికి ముందు, చిన్న పీటలాంటిది అమర్చుకుని ఈటె తాడును దాని మీద చుట్ట చుట్టి పెట్టుకునేవారు. చిన్న పడవలో తాడు కాళ్లకు చిక్కుకుంటే ప్రాణం పోతుంది, అందుకని ఆ ఏర్పాటు. ఇప్పుడు సముద్రపు చేపల వేటకు ఎక్కువగా వాడే కయాక్ ఆ తోలు కయాక్ కాదు. అది మనిషి లోపల కాకుండా పైన కూర్చునే రకం. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో టిమ్ నీమియర్ అనే యువకుడు తయారుచేసిన నమూనా నుంచి అది వచ్చింది. పైకి ఎక్కిన నీళ్లు రంధ్రాల్లోంచి కిందికి పోతాయి, కాబట్టి నీళ్లు నిలవవు, తోడాల్సిన పనీ లేదు.

ఆ గుణం మన తెప్పకు ఎప్పటినుంచో ఉంది.

తెప్పకు లోపల అంటూ ఏమీ ఉండదు. తేలికైన మెత్తటి కర్ర దుంగలను చెక్కి, ముందు భాగం కాస్త పైకి లేచేట్టు మలిచి, తాళ్లతో బిగించి కట్టడమే. కెరటం మీద విరిగితే నీళ్లు దుంగల సందుల్లోంచి జారిపోతాయి. బోల్తా పడితే తిప్పి మళ్లీ ఎక్కుతారు. చిన్న తెప్ప మీద ఇద్దరు, పెద్దదాని మీద నలుగురు. తెడ్డు ఉంటుంది, గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తుతారు. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఇసుక మీద ఆరేస్తారు. నీళ్లు తాగిన దుంగ బరువెక్కుతుంది, బరువెక్కిన తెప్ప మరునాడు కెరటం దాటదు. తీరం పొడుగునా తెప్ప కట్టే పద్ధతిలో తేడాలున్నాయి. దక్షిణాన తాడుతో కట్టేది ఒక తీరు, ఉత్తరాన విశాఖ, గంజాం వైపు పడవ ఆకారానికి దగ్గరగా మలిచేది ఇంకో తీరు. ఈ తేడాలను మద్రాసు ప్రెసిడెన్సీ ఫిషరీస్ శాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లలో శ్రద్ధగా గమనించి రాశాడు.

హార్నెల్‌కు చాలా ముందే తెప్పను చూసి అబ్బురపడిన విదేశీయుడు విలియం డాంపియర్. 1690లో మద్రాసులో ఉన్న ఆ ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో కోరమాండల్ తీరపు దుంగల తెప్పలను వర్ణించాడు. ఓడ తయారీలో ఆరితేరిన దేశాల నావికులకు కూడా ఈ తీరంలో దిగడం గండమే. సహజమైన ఓడరేవు లేదు, ఒడ్డుకు కొంత దూరంలోనే కెరటాలు వరుసగా విరుగుతాయి. ఓడలు దూరంగా లంగరు వేసి ఆగేవి. మద్రాసు దగ్గర గాలివాన రోజుల్లో మామూలు పడవ కదలలేనప్పుడు ఓడకూ ఒడ్డునున్న కోటకూ నడుమ ఉత్తరాలు చేరవేసింది తెప్పవాళ్లే. తడవని టోపీలో కాగితం దాచుకుని కెరటాల్లోకి దూకేవారు.

మన తీరానికి ఓడల చరిత్ర కూడా తక్కువేమీ లేదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం సముద్ర వ్యాపారులకు ఇచ్చిన మాట. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజు స్వాధీనం చేసుకోడనీ, నిర్ణయించిన సుంకం తప్ప వేరే ఏమీ తీసుకోడనీ అందులో ఉంది. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే ముత్ఫిలి అని పిలిచి, ఇక్కడి నూలు బట్టల సన్నదనాన్ని సాలెగూడుతో పోల్చి మెచ్చుకున్నాడు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ ఈ తీరానికి వచ్చినప్పుడు ఆగిన చోట్లలో నిజాంపట్నం ఒకటి. డచ్చివాళ్లు అప్పటికే అక్కడ కొట్టు పెట్టారు. ఓడల పేర్లు, సరుకుల జాబితాలు, సుంకాల లెక్కలు అన్నీ మిగిలాయి. అదే రేవుల్లో పొద్దున్నే తెప్ప తోసుకుంటూ నీళ్లలోకి దిగినవాడి ఊసు ఏ శాసనంలోనూ లేదు.

పత్తికి పేరున్న ఆ సీమలోనే గాలం తాడు కూడా పత్తి నూలుదే. నైలాను రాకముందు సముద్రంలో వాడిన దారం అంటే పత్తి, పెద్ద పనులకు జనుము, నార. సన్న నూలు పోగులు అనేకం కలిపి పురిపెట్టి, దాన్ని మళ్లీ పేని తాడు చేస్తారు. పురి సరిగ్గా పడకపోతే నీళ్లలో తాడు మెలికలు తిరుగుతుంది, గాలం చిక్కుపడుతుంది. పత్తికున్న పెద్ద లోపం కుళ్లడం. ఉప్పునీళ్లలో నానిన నూలు రోజుల్లోనే బలం కోల్పోతుంది. అందుకని తుమ్మచెక్క లాంటి బెరళ్లను నీళ్లలో మరిగించి, ఆ ఎర్రటి కషాయంలో తాళ్లనూ వలలనూ నానబెట్టి ఎండబెట్టేవారు. కొన్నాళ్లకు రంగు వెలిసిపోతే మళ్లీ కాచేవారు. తోలు ఊనడానికి పనికొచ్చే బెరడే తాడు ఆయుష్షునూ పెంచేది.

ఇక గాలం దించడం. తాడు చివర ఇనప గాలం, దానికి కాస్త పైన సీసపు గుండు. వంజరం, సొర పళ్లకు పత్తి తాడు నిలవదు కాబట్టి గాలం దగ్గర జానెడు ఇనప తీగ. ఎరగా చిన్న చేప ముక్కో రొయ్యో. తాడు మిగతాదంతా ఒక చెక్క ముక్కకు చుట్టి ఉంటుంది. లోతును బారల్లో లెక్కపెడతారు. రెండు చేతులూ చాపితే వేలి కొస నుంచి వేలి కొస దాకా ఒక బార. తాడు దింపుతున్నప్పుడే లెక్క సాగుతుంది, ఏ బార దగ్గర సీసం నేలను తాకిందో చేతికి తెలుస్తుంది, బిగువు ఒక్కసారి సడలుతుంది. అప్పుడు ఒక మూర పైకి లాగి, తాడును చూపుడు వేలి మీదుగా వేసుకుని కూర్చోవాలి. వేలు కోసుకోకుండా గుడ్డ చుట్టుకుంటారు. సైకిళ్లు వచ్చాక ట్యూబు ముక్క తొడుక్కోవడం మొదలైంది. అలల ఊపుకు తాడు పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది. ఆ ఊపులోంచి చేప కదలికను వేరుచేసి పట్టుకోవడమే అసలు విద్య. చిన్న చేప పొడిచి వదిలేస్తుంది. పెద్దది ఎరను నోట కరుచుకుని నింపాదిగా పక్కకు పోతుంది. ఆ పక్కకు పోవడం తెలిసినప్పుడు లాగాలి, క్షణం ముందూ కాదు, క్షణం తర్వాతా కాదు.

రీలుతో పోలిస్తే చెయ్యి ఎంత వేగమో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఇరవై బారల లోతు అంటే నూట ఇరవై అడుగులు. ఆరంగుళాల వ్యాసం ఉన్న సెంటర్‌పిన్ డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు ఒక చుట్టుకు అడుగున్నర తాడు వస్తుంది. అంటే సీసం పైకి రావడానికి ఎనభై చుట్లకు దగ్గరగా తిప్పాలి. చేతులతో లాగేవాడు బారకు ఒక గుంజు చొప్పున ఇరవై గుంజుల్లో పని ముగిస్తాడు. పూటకు ఎన్నోసార్లు దింపి లాగేవాడికి ఆ తేడా చిన్నది కాదు. చెక్క చక్రం చెయ్యలేక కాదు మనవాళ్లు రీలు జోలికి పోనిది. గానుగలూ ఏతాలూ రాట్నాలూ చేసుకున్న సీమ ఇది. చిన్న, నడితరహా చేపకు చెయ్యే చాలింది, అంతే.

మద్రాసు ప్రెసిడెన్సీలో రీలు, గడకర్ర పట్టినవాళ్లు దొరలే. హెన్రీ సలివన్ థామస్ అనే సివిల్ అధికారి భారతదేశంలో గడకర్రతో చేపల వేట మీద రాసిన పుస్తకం 1873లో మంగళూరులో అచ్చయింది. ఎక్కువ భాగం నదుల్లో మహసీర్ చేప గురించే. చెరువుల్లో వేట మీద ఆయనే ఇంకో పుస్తకం రాశాడు. ఆ పుస్తకాల్లో రీలు ఉంది, కర్ర ఉంది, తాడు ఉంది. తీరంలోని తెప్పవాడి విద్యను ఆ వేటకు సాటిగా తూచినవాళ్లు ఆ రోజుల్లో అరుదు. ఫ్రెడరిక్ నికల్సన్ వచ్చాక కొంత మార్పు వచ్చింది. 1905లో మద్రాసు ప్రభుత్వం ఆయనకు చేపల పరిశ్రమ బాగోగులు చూసే పని అప్పగించింది, రెండేళ్లలో ఫిషరీస్ శాఖ ఏర్పడింది. జాలరి దగ్గర నేర్చుకోవాల్సింది కూడా ఉందన్న ఎరుక ఆ శాఖకు మొదటి నుంచీ ఉంది. హార్నెల్ ఆ శాఖకు డైరెక్టరై, ప్రెసిడెన్సీ చేపల వేట పద్ధతులను తీరం వెంట తిరిగి నమోదు చేశాడు. తెప్ప, పడవ, వల, బుట్ట, గాలం అన్నీ ఆయన రాతల్లోకి ఎక్కాయి. ఈ తీరపు పనిముట్ల గురించి తెలుసుకోవాలంటే ఈ రోజుకీ ముందు తెరవాల్సింది ఆయన పుస్తకాలే. పరాయి దేశస్థుడు చేసిన ఆ పనిని మనవాళ్లు ముందుకు తీసుకుపోకపోవడం చిన్న లోటు కాదు.

పట్టిన చేప ఎక్కడికి పోయేదన్నది కూడా ఈ కథలో భాగమే. మంచు లేని రోజుల్లో పచ్చి చేప తీరం దాటి ఎంతో దూరం పోలేదు. వంజరం, సొర లాంటి పెద్దవాటిని కోసి ఉప్పు పట్టించి ఎండబెట్టేవారు. చినగంజాం చుట్టుపక్కల ఉప్పు మడులు అందుకు దగ్గరగా ఉన్నాయి. కానీ ఉప్పు మీద సర్కారు పన్ను పెరిగేకొద్దీ జాలరికి ఉప్పు కొనడమే గగనమైంది. ఉప్పు తక్కువైతే చేప కుళ్లుతుంది, కుళ్లిన చేప తిన్నవాడికి జబ్బు. చివరకు మద్రాసు ప్రభుత్వం 1870లలో చేపలు ఉప్పు వేసే యార్డులు తెరిచి, వాటిలో మాత్రం పన్ను లేని ఉప్పు ఇవ్వసాగింది. ఉప్పు పన్ను ఎంత బరువో ఈ తీరానికి బాగా తెలుసు. 1930లో టంగుటూరి ప్రకాశం ఒంగోలు దగ్గరి దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిపినప్పుడు జనం కదలడంలో వింత లేదు. ఎండు చేపలు ఎద్దుబండ్ల మీదా, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పడవల మీదా లోపలి ఊళ్లకు చేరేవి. మిరప కోతల కాలంలో కూలీల సద్దిలో ఎండు చేప ముక్క ఉందంటే దాని వెనక తెప్ప మీద కూర్చున్న ఒక మనిషి ఉన్నాడు.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన అని అందరూ అంటున్నా, ఆ రోజు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు తీరాన్ని కూడా సముద్రం ముంచెత్తింది. సర్కారు లెక్కకే పదివేల మంది దాకా పోయారు. మనుషులతో పాటు తెప్పలూ వలలూ తాళ్లూ కొట్టుకుపోయాయి. తిరిగి నిలబడే నాటికి పనిముట్లే మారుతున్నాయి. నైలాను దారం అప్పటికే తీరానికి చేరింది. కుళ్లదు, కాచి రంగు పట్టించే పని లేదు, నీళ్లలో కనిపించని తంగూసు దారం గాలానికి పనికొచ్చింది. నూలు తాడు కొద్ది ఏళ్లలో కనుమరుగైంది. ఇది మంచి మార్పే. తుమ్మచెక్క కాచిన చేతులను అడిగితే తెలుస్తుంది.

తెప్ప పోవడానికి ఇంకొంత కాలం పట్టింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. కెరటాలను దాటి నేరుగా ఇసుక మీదికి రాగల ఫైబర్ పడవలను తయారుచేసి తూర్పు తీరంలో పరీక్షించింది. దుంగలకు పనికొచ్చే కర్ర ధర పెరగడం, మోటారు అందుబాటులోకి రావడం కలిసొచ్చాయి. ఇప్పుడు ఓడరేవులోనో సూర్యలంకలోనో ఇసుక మీద వరుసగా కనిపించేవి రంగురంగుల ఫైబర్ తెప్పలు, వెనక మోటారు. చెక్క తెప్ప కనబడటం అరుదైంది. నిజాంపట్నంలో ఫిషింగ్ హార్బరు ఉంది, పెద్ద మరబోట్లు అక్కడ నిలుస్తాయి. ఆ బోట్ల నుంచి చిన్నవాళ్లను కాపాడటానికి 1994లో రాష్ట్ర చట్టం వచ్చింది. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే వదిలిపెట్టాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట మీద నిషేధం ఉన్నా, మోటారు లేని తెప్పకు దాని నుంచి మినహాయింపు ఉంది. చట్టం ఇంకా తెప్పను గుర్తుపెట్టుకుంది.

గాలం పని మాత్రం ఆగిపోలేదు. ఉత్తరాన విశాఖ వైపు పూడిమడక జాలర్లు సూర చేపలను గాలంతో పట్టడంలో పేరు తెచ్చుకున్నారు. వాళ్లు పోయేది లోతు నీళ్లకు, తగిలేవి పెద్ద చేపలు. ఇక్కడే ఖాళీ చేతి హద్దు తెలుస్తుంది. 2022 ఫిబ్రవరిలో పరవాడ దగ్గరి ముత్యాలమ్మపాలెం జాలరి ఒకరు గాలానికి తగిలిన కొమ్ము కోనెం చేప పొడిచి చనిపోయారు. 2025 జూలైలో పూడిమడక నుంచి వెళ్లిన ఒక జాలరిని గాలానికి తగిలిన కొమ్ము కోనెమే తాడుతో సహా సముద్రంలోకి లాక్కుపోయింది. చేత్తో లాగేవాడి దగ్గర చేపకు తాడు వదలడానికి చెయ్యి తప్ప వేరే ఆధారం లేదు. తాడు చేతికో కాలికో మెలికపడితే వదిలించుకునే వ్యవధి ఉండదు.

పసిఫిక్ దీవుల్లో ఇదే చిక్కుకు వెతికిన జవాబు ఒకటుంది. 1970లలో పశ్చిమ సమోవాలో ఆహార వ్యవసాయ సంస్థ వాళ్లు చెక్కతో చేసిన పెద్ద చేతి రీలును పరిచయం చేశారు. పడవ అంచుకు బిగించిన ఒక కొయ్య, దాని మీద నేరుగా తిరిగే చెక్క డ్రమ్ము, పిడి. ఊళ్లో వడ్రంగి చెయ్యగలడు. పళ్లచక్రాలు లేవు, తుప్పు పట్టేది దాదాపు ఏమీ లేదు. లోతు నీళ్లలో అడుగు చేపలను పట్టడానికి అది దీవి నుంచి దీవికి పాకింది. చూస్తే అది సెంటర్‌పిన్ రీలే. నాటింగ్‌హామ్‌లో సరదా కోసం నునుపు చేసిన వస్తువు సమోవాలో బతుకు కోసం మొరటు చెక్కలో తిరిగి పుట్టింది. తాడు చేతికి కాకుండా డ్రమ్ముకు చుట్టి ఉంటుంది, డ్రమ్ము పడవకు బిగించి ఉంటుంది. చేప ఉరికితే డ్రమ్ము తిరుగుతుంది, మనిషి పడవలోనే ఉంటాడు. చెయ్యి వదిలితే పోయేది తాడు, ప్రాణం కాదు. డ్రమ్ము ఎంత పెద్దదైతే చుట్టుకు అంత ఎక్కువ తాడు వస్తుంది కాబట్టి చేతి వేగంతో పోల్చి బెంగపడాల్సిన పనీ తగ్గుతుంది.

లోతు నీళ్లలో పెద్ద చేపల మీద గాలం వేసే మన జాలర్లకు అలాంటి చెక్క డ్రమ్ము తప్పక పనికొస్తుంది. కాకినాడలో రాష్ట్ర ఫిషరీస్ టెక్నాలజీ సంస్థ ఉంది, ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, విశాఖలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. ఒక వడ్రంగినీ నలుగురు అనుభవం ఉన్న జాలర్లనూ కూర్చోబెట్టి, ఫైబర్ తెప్ప అంచుకు సరిపడే కొలతల్లో పది డ్రమ్ములు చేయించి సముద్రంలో పరీక్షించడానికి కోట్లు అక్కర్లేదు.

ఇంకో పని కూడా ఉంది. ఓడరేవు, మోటుపల్లి, పెదగంజాం, కొత్తపట్నం వైపు చెక్క తెప్ప కట్టి, నూలు తాడు కాచి, బారలు లెక్కపెట్టి గాలం వేసిన తరం దాదాపు వెళ్లిపోతోంది. ఏ దుంగ ఎక్కడ పెట్టాలో, ఏ కట్టు ఎన్ని చుట్లు తిప్పాలో పుస్తకం చూసి నేర్చుకోగలిగింది కాదు. అమరావతిలో రెండువేల ఏళ్ల నాటి శిల్పాలను భద్రపరచడానికి మ్యూజియం ఉంది, ఉండాల్సిందే. అదే రాజధాని ప్రాంతంలో ఒక పూర్తి తెప్ప, దాని తాళ్లు, తెడ్డు, తెరచాప, గాలాలతో సహా, కట్టినవాళ్ల మాటల రికార్డుతో సహా నిలబెట్టాలి. రేవుల్లోని పెద్దవాళ్లు ఉండగానే ఆ పని మొదలుకావాలి. తీరపు ఊళ్ల బడుల్లోని ప్రతి ఉపాధ్యాయుడూ, కెమెరా ఫోనున్న ప్రతి కుర్రవాడూ ఈ ఏడాదే ఒక తెప్పవాడి దగ్గర కూర్చుని ఆయన చెప్పేది రికార్డు చెయ్యాలి.